శుక్రవారాల కారు

పాపక్క చెంబు అడుగుతో పప్పు ఎనుపుతోంది. చెంబు జారి గిన్నె అంచుకు తగిలినప్పుడల్లా ఖణేలుమంటోంది. వసారాలో కూర్చుని సంచి సర్దుకుంటున్న గంగులయ్యకు ఆ చప్పుడు తనకోసమేనని తెలుసు.

"పప్పుగుత్తి ఉండే ఇంట్లో చెంబుతో ఎనిపేదాన్ని పుంగనూరు మొత్తానికీ నేనొక్కదాన్నే" అంది పాపక్క లోపలినుంచి.

గంగులయ్య స్పానర్ల మీద పాత తువ్వాలు పరిచి, దానిమీద పప్పుగుత్తిని పడుకోబెట్టి, సంచి మూతి బిగించాడు.

ఆ పప్పుగుత్తి పాపక్క పుట్టింటిది. రామసముద్రంలో వాళ్ల నాయన చింతకట్టెతో చెక్కి, కాపురానికి వచ్చేటప్పుడు గిన్నెలతోపాటు పెట్టి పంపాడు. వచ్చిన నెలలోపే ఒక మధ్యాహ్నం అది వంటింట్లోంచి పోయింది. అన్నానికి ఇంటికొచ్చిన గంగులయ్య, వీధిలో ఆగిన జీపులో ఏదో టకటకమంటోందని విని, పప్పు ఎనుపుతున్న పెళ్లాం చేతిలోంచి గుత్తి లాక్కుని అట్లాగే పరుగెత్తాడు. కాడ చివర ఇంజనుకు ఆనించి, గుత్తి తలను చెవికి పెట్టుకున్నాడు. పప్పు ఎనపడానికి చెక్కిన ఆ పలకలు చెవి చుట్టూ దొన్నెలా కుదిరాయి. కుడిచెవి అంతకుముందే, క్లీనరుగా ఉన్న రోజుల్లో లారీ టైరు పేలినప్పుడు వినపడకుండా పోయింది. ఉన్న ఒక్క చెవికి ఇంజను లోపలి చప్పుడంతా పక్కన కూర్చుని చెబుతున్నట్టు వినిపించింది. అంతే, గుత్తి మళ్లీ వంటింటి మొహం చూడలేదు. కొత్తది కొనిస్తానంటే పాపక్క వద్దంది. కొనిస్తే దెప్పే వీలు పోతుంది కదా.

"మదనపల్లికి ఎట్లాగూ పోతాండావు గదా. పెద్దాసుపత్రిలో ఆ భుజం సూపించుకోనిరా" అంది పాపక్క, క్యారియరు తెచ్చి పక్కన పెడుతూ.

"సూపిస్తాలే. ముందు దాన్ని సూడనీ."

"దాన్నంటే ఎవురిని?"

"కారును."

"అద్దంలో మొగం సూసుకున్యావా? కారు బాగుచేసేదానికి పొయ్యే మొగం మాదిరి లేదు. పెండ్లిచూపులకు పోతాండే మాదిరి ఉండాది."

గంగులయ్య నవ్వాడు. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు.

బస్సెక్కేటప్పుడు మెట్టుమీద ఒకసారి ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఎడమ భుజం కొన్నాళ్లుగా లాగుతోంది. స్పానరు తిప్పే చేయి కుడిది అయినప్పుడు నొప్పి ఎడమకెందుకో అని ఒకటి రెండుసార్లు అనుకున్నాడు కానీ, దాన్ని విప్పి చూసే వీలు లేదు కాబట్టి వదిలేశాడు. కిటికీ పక్కన కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. పొట్టి మనిషి. గోళ్ల చుట్టూ ఎన్ని సబ్బులకూ పోని నలుపు. చొక్కా మాత్రం ఉతికినది, ఇస్త్రీ చేసినది. కూతురు సదుంలో కాపురం పెట్టినప్పుడు తొడిగిన చొక్కా.

ఆ కారు ఈల అతను మొదట విన్నది ఏడెనిమిదేళ్ల కిందట. మదనపల్లి టమోటా మండీ మధుసూదన్ పాత జీపును గంగులయ్యే చూసేవాడు. ఆ జీపు అమ్మేసి మధుసూదన్ పెద్ద కారు కొన్నాడు. పక్కకు ఒక్కొక్క తలుపే, వెనక అద్దాలు కప్పు మీదికి వంగి ఉంటాయి, వెనక తలుపు మీద ఎర్రటి అక్షరాలతో టర్బో అని రాసి ఉంటుంది. అది పుంగనూరులో గంగులయ్య మెకానిక్ షెడ్డు ముందునుంచి పోతుంటే డీజిలు ఇంజను మోత మీద సన్నటి ఈల ఒకటి లేచి, కారుతోబాటు దూరమై, మలుపు దగ్గర అణిగిపోయేది. గంగులయ్య చేతిలో ఉన్నది కింద పెట్టి వినేవాడు. ఒకసారి మధుసూదన్ టీకి ఆగితే, "అన్నా, ఆ ఈల యేసేది యాడుండాదో ఒక్కసారి సూపీ" అని అడిగాడు. ఆయన బానెట్ ఎత్తి చూపించాడు. ఇంజను పక్కన పెద్ద నత్తగుల్ల లాంటిది. గంగులయ్య చేయి చాపబోయాడు. "ముట్టుకోవద్దప్పా, బెంగుళూరోళ్లు తప్ప ఇంకొకరు ముట్టుకుంటే గ్యారంటీ పోతుందంట" అన్నాడు మధుసూదన్ నవ్వుతూనే. గంగులయ్య చేయి వెనక్కు తీసుకున్నాడు. తరువాత కొంతకాలానికి మధుసూదన్ జబ్బుచేసి పోయాడు. ఈల కూడా ఆగిపోయింది.

నిన్న షెడ్డు పక్క టెలిఫోన్ బూతుకు ఆయన భార్య వెంకటరత్నమ్మ ఫోన్ చేసింది. ఇల్లు బాడుగకిచ్చి, కుప్పంలో కూతురు వీణ దగ్గరికి పోతోందట. అల్లుడు తీసుకుపోవడానికి ఇవాళ వస్తున్నాడు. కారు నడిస్తే అందులోనే పోతుంది. నడవకపోతే, సాయంత్రానికి పలమనేరు గుజిరీ కొండప్ప లారీ వేసుకుని వస్తాడు, పాత ఇనుముకింద తూకానికి తీసుకుపోతాడు. ఊళ్లో ఇద్దరు ముగ్గురు మెకానిక్కులు చూసి, ఇంజను పోయిందన్నారు.

"నువ్వొకసారి సూస్తావేమోనని" అంది ఆమె.

గంగులయ్యకు రాత్రంతా నత్తగుల్లే కళ్లముందు తిరిగింది.

*

కారు ఇంటి పక్క రేకుల షెడ్డులో, ఒకప్పుడు టమోటా బుట్టలు పేర్చిన చోట ఉంది. పైన కప్పిన దుప్పటి తీసి చూస్తే దుమ్ము లేదు. స్టీరింగు మీద కుంకుమ బొట్లు ఒకదానిమీద ఒకటి పడి, ఎండిన మందపు చెక్కులా పేరుకున్నాయి. టైర్ల దగ్గర వడిలిన నిమ్మకాయలు. వెంకటరత్నమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుంది. లోపల గిన్నెలు మూటలు కట్టే పనిలోంచి వచ్చినట్టుంది.

"బ్యాటరీ మార్చినారమ్మా?"

"పక్కింటోళ్ల ట్రాక్టరుది తెచ్చి పెట్టించినా. లేస్తాది, పొగ కక్కుతాది. ముందుకు పోదు. గేటు ముందర ఆ చిన్న మిట్ట కూడా ఎక్కలా."

గంగులయ్య ముందు ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. పాతపడిన డీజిలు వార్నీషులా ముక్కుకు కొట్టింది. దాన్ని తీసేసి కొత్తది పోశాడు, ఫిల్టరు మార్చాడు, చేతిపంపుతో గొట్టాల్లో గాలి పోగొట్టాడు. తాళం తిప్పితే ఇంజను దగ్గి, తెల్లపొగ వదిలి, లేచింది. పప్పుగుత్తి తీసి ఒక్కొక్క సిలిండరు మీద ఆనించాడు. నాలుగూ ఒకే తూకంగా కొట్టుకుంటున్నాయి.

వెంకటరత్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అదేందప్పా అది, పప్పుగుత్తి కాదా?"

"అవునమ్మా. మా ఇంటామెది."

"ఆమె దేంతో ఎనుపుతాదో పాపం."

"చెంబుతో. దినామూ సెప్తాది."

ఇంజను పోలేదు. ఊళ్లో వాళ్లు తొందరపడ్డారు. యాక్సిలరేటరు తొక్కి పెంచి చూశాడు. మోత పెరిగింది, వెనక నల్లటి పొగ వచ్చింది, ఈల మాత్రం రాలేదు. కాడను నత్తగుల్లకు ఆనించి విన్నాడు. ఖాళీ ఇంటి గోడకు చెవిపెట్టినట్టుంది. ఇంజను ఆపేశాడు.

నల్లపొగ అంటే గాలి చాలడం లేదు. గాలి ఎందుకు చాలడం లేదు? ఫిల్టరు పెట్టె విప్పాడు. ఎలుక రెట్టలున్నాయి కానీ దారి మూసుకోలేదు. గొట్టం ఊడదీశాడు. ఇంక మిగిలింది గుల్లే. ఆ మూతిలోకి చూడబోతూ గంగులయ్య ఒక క్షణం ఆగి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. ముట్టుకోవద్దన్న మనిషి గొంతు ఎక్కడో వినిపించినట్టయింది. వేలు లోపల పెట్టాడు. చిన్న చక్రం, పువ్వు రేకుల్లా సన్నటి రెక్కలు. కదిలించాడు. కదల్లేదు.

"ఓహో" అన్నాడు తనలో తను.

అన్నం వేళకు అల్లుడు గిరీష్ కుప్పంనుంచి బస్సులో దిగాడు. బ్యాంకులో పని చేసే కుర్రవాడు, కళ్లద్దాలు. బూట్లు విప్పి, టార్చిలైటు పట్టుకుని వచ్చి గంగులయ్య పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఇది ఏం చేస్తుంది పెద్దాయనా?"

"నేనూ ఇప్పుడే సూస్తాండానప్పా." గంగులయ్య సంతోషంగా అన్నాడు. "ఇంజనులోనించి బయటికి పొయ్యే పొగ ఉంటాది గదా, అది ఊరికే పోకుండా ఈ పక్క చక్రాన్ని తిప్పి పోతాది. అదే ఇరుసుకు ఆ పక్కన ఇంకో చక్రం. అది బయటి గాలిని లోపలికి తోస్తాది. కొలిమి తిత్తి మాదిరి. పొయ్యేది వచ్చేదాన్ని పిలుచుకొని వచ్చినట్టు. ఎవురు కనిపెట్టినారో గానీ, వాని బుర్ర మంచిది."

పొగగొట్టం విప్పితే తుప్పునీళ్లు దోసెడు కారాయి. గుల్లలోపల రెండో చక్రం, గోడా ఎర్రటి తుప్పుతో ఒకటై అతుక్కున్నాయి. గంగులయ్యకు ఆశ్చర్యమేసింది. ఊరికే నిలబెట్టిన బండిలో ఇంత నీరు ఎక్కడిది? ఆయిలు పోసే మూత తిప్పి చూశాడు. మూత అడుగున పెరుగుమీగడలా తెల్లగా పేరుకుని ఉంది. ఆ మూతను చేతిలో పట్టుకుని, స్టీరింగు మీది కుంకుమ చెక్కుకేసి చాలాసేపు చూశాడు.

"అమ్మా, దీన్ని మధ్యమధ్యలో స్టార్ట్ చేస్తా వుంటిరా?"

వెంకటరత్నమ్మ మొహం వెలిగింది. "ప్రతి శుక్రవారమూ. ఆయన పొయ్యే ముందర సెప్పిపోయినాడు, బండిని మరీ నిద్రపోనీయొద్దు, అప్పుడప్పుడూ లేపమని. తలంటుకొని, దీపం పెట్టి, వచ్చి బొట్టుపెట్టి తాళం తిప్పుతా ఉంటి. లేచిందని తెలిస్తే సాలు, వెంటనే ఆపేస్తా ఉంటి. డీజిలు ఊరికే యాల కాల్చేది? బ్యాటరీ సచ్చిందాకా ఒక్క వారం తప్పలా."

గంగులయ్య మూతను నెమ్మదిగా కింద పెట్టాడు.

అంతా అర్థమైంది. ఇంజను లేవగానే పొగలోని ఆవిరి చల్లటి గొట్టంలో నీరవుతుంది. కొంతసేపు నడిస్తే వేడికి ఆరిపోతుంది. ఈమె ఆరనివ్వలేదు. ప్రతి శుక్రవారమూ తలంటుకుని, దీపం పెట్టి, నత్తగుల్లలో ఒక గుక్కెడు నీళ్లు పోసి వచ్చినట్టే. మరి లేపకుండా వదిలేసి ఉంటే? ఇన్నేళ్లకు సిలిండర్లే పట్టేసి ఉండేవి. నాలుగూ అంత తూకంగా కొట్టుకుంటున్నాయంటే అదీ ఈ చేతి చలవే. గంగులయ్యకు ఆ లెక్క ఎటు తేల్చాలో తోచలేదు.

"ఏమప్పా, పలకవు? నేను చేసిందాంట్లో ఏమన్నా పొరపాటు ఉండాదా?"

"మీరు లేపుతా ఉన్నారు కాబట్టే ఇంజను బతికుండాదమ్మా. లేకుంటే ఎప్పుడో పట్టేసుండు."

వెంకటరత్నమ్మ అతని మొహంలోకి చూసి, తుప్పునీళ్ల మడుగుకేసి చూసి, లోపలికి వెళ్లిపోయింది.

*

గుజిరీ కొండప్ప చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు. లారీని వీధిలో నిలిపి, షెడ్డులోకి వచ్చి, పాత టైరు మీద కూర్చుని కాళ్లు చాపాడు. లావుపాటి మనిషి, మెడలో తువ్వాలు.

"ఇంకా పానం పోస్తాండావా గంగులన్నా? దింపుడుకల్లం ఆశ."

"ఉండుపా. ఇంకా మోసేవోళ్లనే పిలవలా, అప్పుడే వస్తివి."

"మోసేదానికేగా వచ్చింది. మా పిల్లోళ్లు గ్యాస్ కట్టరు కూడా తెచ్చినారు."

గంగులయ్య గుల్లలో కిరసనాయిలు పోసి నానబెట్టి క్యారియరు విప్పాడు. సంగటి ముద్ద, పప్పు. సగం తిని లేచాడు. మళ్లీ కిరసనాయిలు. రెండు వేళ్లతో చక్రాన్ని పట్టుకుని అటు కొంచెం, ఇటు కొంచెం. బలం పెడితే రెక్క విరుగుతుంది, విరిగితే ఈ చుట్టుపక్కల దొరికే సామాను కాదు. నిద్రపోతున్న బిడ్డ పిడికిలి విప్పినట్టు విప్పాలి. గిరీష్ టార్చి పట్టుకునే ఉన్నాడు. భుజం నొప్పి మోచేతిదాకా దిగింది. మధ్యలో ఒకసారి బంపరుకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

"చాలించు పెద్దాయనా, కొంచెంసేపు పడుకో" అన్నాడు గిరీష్.

"ఇప్పుడు పడుకుంటే ఆయప్ప కట్టరు తీస్తాడు."

ఎండ రేకుల మీదనుంచి జారి గోడకు చేరింది. కొండప్ప రెండోసారి టీ తాగి గ్లాసు కింద పెట్టాడు. ఆ గ్లాసు చప్పుడు ఆగేలోపల గంగులయ్య వేళ్ల కింద ఏదో సన్నగా కిర్రుమంది. చక్రం వెంట్రుకవాసి కదిలింది. ఇంకొంచెం. తరువాత అరచుట్టు. ఎర్రటి నీళ్లు కారాయి. ఇంకా కిరసనాయిలు, ఇంకా తిప్పడం. చివరికి ఒక వేలితో తడితే తనంతట తను తిరిగి, తిరిగి, నెమ్మదిగా ఆగింది. గంగులయ్య మళ్లీ తట్టాడు. అవసరం లేకపోయినా ఇంకోసారి తట్టాడు.

కొండప్ప లేచి వచ్చి వంగి చూశాడు. "నన్నూ ఒక తూరి తట్టనీ" అన్నాడు. తట్టి, తిరిగేది చూసి, చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

పాత ఆయిలు దించి కొత్తది పోసి, గుల్ల ఇరుసుకు కూడా చుక్కచుక్కగా పట్టించి, అన్నీ బిగించేసరికి పొద్దు వాలింది. ఇంజను లేచింది. వెంకటరత్నమ్మ అలవాటు కొద్దీ తాళం తిప్పి ఆపడానికి చేయి పెట్టబోయింది.

"ఇంకమీదట అట్ల వద్దమ్మా" అన్నాడు గంగులయ్య, నేల చూస్తూ. "మీరు పొయ్యిమీద ఎసరు పెట్టి, వచ్చి దీన్ని లేపండి. అన్నం ఉడికిందాకా నడవనీండి. గంజి వంచినంకనే ఆపండి. దూరం పొయ్యొచ్చినా అంతే, నిలబెట్టినంక కొంచింసేపు ఊరికే తిరగనిచ్చి ఆపాల."

ఆమె చేయి వెనక్కు తీసుకుంది. "సగమే సెప్తాండావు కదప్పా పొద్దుటినించి."

గంగులయ్య స్పానర్లు ఏరి సంచిలో వేసుకోసాగాడు.

"పోనీలే. రెండో సగం నాకు తెలిసిపాయ" అంది వెంకటరత్నమ్మ. కొంగుతో స్టీరింగు మీది కుంకుమ చెక్కును తుడవబోయి, మళ్లీ ఎందుకో అట్లాగే వదిలేసింది.

కొండప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఖాళీ లారీ ఎట్ల తోలుకొని పొయ్యేది? ఆ పాత బుట్టలన్నా ఇయ్యమ్మా" అన్నాడు. బుట్టలు ఎక్కించుకునే పోయాడు.

*

కుప్పం దారి పుంగనూరు మీదనుంచే. గంగులయ్యను దింపిపోతామన్నారు. వెనక గిన్నెల మూటలు, వాటి మధ్య వెంకటరత్నమ్మ. గిరీష్ నడుపుతున్నాడు. పప్పుగుత్తి గంగులయ్య కాళ్ల దగ్గరుంది. మొదటి మిట్ట దగ్గర, "మూడో గేరులో పెట్టి తొక్కప్పా" అన్నాడు. కారు ఒక్క క్షణం తటపటాయించి, వీపున ఎవరో చేయిపెట్టి తోసినట్టు ముందుకు దూకింది. ఈల వచ్చింది. వచ్చింది కానీ గిన్నెల గలగలలో, గాలి హోరులో సగం కలిసిపోయింది. గంగులయ్య ఉన్న ఒక్క చెవినీ కిటికీలోంచి బయటపెట్టాడు. తను విన్న ఈల ఇది కాదు.

పుంగనూరులో తన షెడ్డు ముందర ఆపించి దిగాడు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమనుకోకపోతే ఒక మాటప్పా. కొంచిం ఎనక్కు పొయ్యి, తిప్పుకొని, ఈడ ఆపకుండా నేరుగా పోతారా?"

"ఎందుకు?" అన్నాడు గిరీష్.

"ఊరికే."

"అడిగినాడు కదా, పోనీ నాయనా" అంది వెంకటరత్నమ్మ వెనకనుంచి.

కారు వెనక్కు పోయింది. గంగులయ్య షెడ్డు గడప దగ్గర, అప్పట్లో నిలబడిన చోటే నిలబడ్డాడు. దూరంగా దీపాలు తిరిగాయి. ఇంజను మోత, దానిమీద సన్నగా ఈల. లేచి, దగ్గరై, అతన్ని దాటి, పలమనేరు రోడ్డు మలుపులో అణిగిపోయింది. అది పూర్తిగా పోయాక కూడా అతను తల వంచి వింటూనే ఉన్నాడు. గుత్తి కారులోనే ఉండిపోయిందని ఇల్లు చేరాక, సంచి విప్పితే తెలిసింది.

"కుప్పానికి కాపురానికి పాయనా నా పప్పుగుత్తి" అంది పాపక్క. "భుజం సూపించినావా?"

"వచ్చే వారం. గుత్తికోసం కుప్పం పోవాల గదా, ఆడ సూపిస్తా."

"ఇంతకీ ఎట్లుండె ఆ ఈల?"

గంగులయ్య సంగటి చేయి గిన్నెలోనే ఉంచి, పెదాలు చుట్టి, సన్నగా మొదలుపెట్టి పెంచి, మళ్లీ తగ్గించి ఊదాడు. పాపక్క నవ్వింది. ఇంకోసారి ఊదమంది. ఊదాడు. తిని, చేయి కడుక్కుని, వసారాలో మంచం మీద ఎడమచెవి పైకి పెట్టి పడుకున్నాడు. తెల్లవారి పాపక్క నీళ్లు కాచి లేపితే లేవలేదు.

తరువాతి శుక్రవారం పొద్దున పాపక్క పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. వీధిలో ఏదో బండి వస్తోంది. ఆ మోత మీద సన్నటి ఈల. ఆమె ఎన్నడూ ఆ కారును పట్టించుకుని విన్నది లేదు. అయినా ఆ ఈల ఆమెకు తెలుసు. లేచి గడపలోకి వచ్చింది.

కారు ఇంటిముందు ఆగింది. గిరీష్ తాళం మీద చేయి వేశాడు. "ఉండు నాయనా, కొంచింసేపు తిరగనీ" అంది వెంకటరత్నమ్మ. ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు. పాపక్క అట్లాగే నిలబడింది. ఇంజను ఆగాక వెంకటరత్నమ్మ దిగి, కొంగులోంచి పప్పుగుత్తి తీసి ఆమె చేతిలో పెట్టింది. ఇద్దరూ వసారాలో మంచం మీద కూర్చున్నారు.

ఆమె వెళ్లిపోయాక పాపక్క పొయ్యిమీది పప్పు దించి, చెంబు తీసుకుని, ఎనిపింది. పొయ్యి పక్క గోడకు, మేకుకు వేలాడుతున్న పప్పుగుత్తి కాడ చివర డీజిలుతో నల్లబడి ఉంది. చెవి ఆనిన చోట, పలకలు అరిగి, నున్నగా మెరుస్తున్నాయి.